ఇరవై నాలుగు ఊళ్ళ సాక్ష్యం

సంస్థ క్వార్టర్లు, రెండో అంతస్తు
జూన్ మొదటివారం

వదినకి,

ఫోన్లు వద్దు, ఉత్తరాలు రాసుకుందాం అన్నది నువ్వే. ఫోనెత్తగానే ఇద్దరం ముక్కులు చీదుకోవడంతోనే సరిపోతోంది, కాగితం మీదైతే కనీసం వాక్యం పూర్తవుతుంది అన్నావు. సరే, మొదటి వాక్యం పూర్తయింది, చూసుకో.

అన్నయ్య పోయాక నీకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి మాటా లేకపోయింది. ఇవాళ ఉంది. పొద్దున పెద్దాయన నన్ను గదిలోకి పిలిచారు. పెద్దాయన అంటే మా పరిశోధన సంస్థ డైరెక్టరు. ఆయనకి నిజంగా ఏమంత వయసు లేదు, కానీ కుర్చీ పెద్దది. "కూర్చోమ్మా. మీ అన్నయ్య పుస్తకం మళ్ళీ అచ్చు వేద్దామనుకుంటున్నాం. పదేళ్ళ కొత్త అంకెలు వచ్చాయి కదా, అవి కలిపి ఒక అధ్యాయం రాయాలి. నువ్వు కాక ఇంకెవరు రాస్తారు?" అన్నారు. అక్కడితో ఆగలేదు. కింది అంతస్తులో కొత్తగా కట్టిన ఉపన్యాసాల హాలుకి అన్నయ్య పేరు పెడతారట. డిసెంబరులో సభ. బోర్డు మీద గుడ్డ తీసేది నువ్వు.

నేను తలూపి బయటికి వచ్చి, మెట్ల దగ్గర గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఎవరో వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది.

అన్నయ్య ఆ పుస్తకంలో ఏం తేల్చాడో నీకు నా కన్నా ముందే తెలుసు, అయినా చెబుతాను, చెప్పుకోవడం బాగుంటుంది. ఇరవై నాలుగు ఊళ్ళు. ప్రతి ఊళ్ళోనూ మనుషుల జీతాలు, ఇళ్ళ అద్దెలు, ఏళ్ళ తరబడి. ఏ ఊళ్ళో చూసినా జీతం ఒక దారి, అద్దె ఒక దారి పట్టినట్టే ఉంటాయి. కానీ దీర్ఘకాలంలో రెండూ ఒకదాన్నొకటి వదలవని, మధ్యలో దూరం పెరిగినా మళ్ళీ మామూలుకి వస్తుందని అన్నయ్య చూపించాడు. ఆ మాట పట్టుకునే ఎన్నో ఊళ్ళు అద్దెల మీద పరిమితి ఎత్తేశాయి. అద్దె పెరిగితే కంగారెందుకు, జీతం వచ్చి అందుకుంటుంది కదా అని.

ఇప్పుడా ఇరవై నాలుగు ఊళ్ళూ నా బల్ల మీద కొలువుతీరాయి. పుస్తకంలోకి అన్నయ్య ఫోటో కావాలి. మెడకి టై బిగించుకుని గుటక పడనట్టు ఉన్నది మాత్రం పంపకు.

నీ మరదలు

*

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
జూన్ చివర

దశాంశం గారికి,

ఈ పేరు నీకు ఎందుకు పెట్టానో మర్చిపోయుంటావు. పెళ్ళయ్యాక మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలు అని అడిగితే ఒకటింపావు అన్నావు. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్లతో వేగడం ఎలాగరా దేవుడా అని. పదకొండేళ్ళయింది, వేగుతూనే ఉన్నాను.

నీ ఉత్తరం దుకాణానికే వచ్చింది. ఒకావిడ కళ్ళు పరీక్షిస్తూ మధ్యలో చదివాను. అద్దం మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడగాల్సినదాన్ని, "ఎంత బాగుందో" అన్నానట. ఆవిడ బిత్తరపోయి, "నాకింకా ఏమీ కనిపించట్లేదండీ" అంది.

నువ్వు చెప్పిన దీర్ఘకాలిక సంబంధం మీ అన్నయ్య నాకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. బజారులో నడుస్తూ చెప్పారు. "నువ్వు చెప్పుల దుకాణం దగ్గర ఆగుతావు, నేను పాత పుస్తకాల దగ్గర ఆగుతాను. ఎవరి దారి వాళ్ళది. అయినా బజారు చివరికి వచ్చేసరికి పక్కపక్కనే ఉంటాం. దాన్నే నేను లెక్కలో పట్టుకుంటాను" అన్నారు. మరి వెనక్కి వచ్చి వెతుక్కునేది ఎవరు అని అడిగాను. అది వేరే లెక్క అని తప్పించుకున్నారు. వెతుక్కునేది ఎప్పుడూ నేనే, అందుకే తప్పించుకున్నారు.

ఫోటో పెట్టాను. ఇందులో సగం నవ్వి ఆపేశారు. ఫోటో తీసింది నేనే, నవ్వు ఆపించిందీ నేనే.

ఇంకో మాట, వెటకారం లేకుండా. ఈ ఏడాది పొద్దున్నే లేవడానికి నాకు ఒక్క కారణం కూడా కనపడేది కాదు. అలవాటు కొద్దీ లేచేదాన్ని. ఇప్పుడు ఆ హాలు, ఆ బోర్డు కళ్ళ ముందు కనిపిస్తున్నాయి. ఆయన పేరు గోడ మీద ఉంటుంది, కింద పిల్లలు కూర్చుని చదువుకుంటారు. నాకు పిల్లల్లేరు, వెనకా ముందూ ఎవరూ లేరు. ఆయన తరఫున మిగిలింది నువ్వొక్కదానివే. నీ చేత్తో ఆయన పుస్తకం మళ్ళీ బతుకుతోందంటే నాకు అంతకన్నా ఏం కావాలి.

మంచి చీర కొనుక్కోవాలి. రంగు నువ్వే చెప్పు.

వదిన

*

సంస్థ క్వార్టర్లు
ఆగస్టు

వదినకి,

ఫోటో అందింది. బాగుంది. పని జరుగుతోంది. కొత్త అంకెల్లో కొన్ని ఊళ్ళవి సరిగా లేవు, సరిచేస్తున్నాను. ఒక చిన్న చిక్కు ఉంది, అదే తేలుతుంది. ఇక్కడ వానలు ఎక్కువగా ఉన్నాయి. నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కువ ఎక్కకు.

చీర రంగు నీ ఇష్టం.

నీ మరదలు

*

దుకాణం
ఆగస్టు, నీ ఉత్తరం అందిన రోజే

ఏమే,

నీ ఉత్తరంలో ఒక్క వెటకారం లేదు. ఒంట్లో బాగానే ఉందా? వాన గురించి రాశావు. పదకొండేళ్ళలో నువ్వు నాకు వాన గురించి చెప్పడం ఇదే మొదలు. చీర రంగు నా ఇష్టమట. నేను కొన్న ప్రతి చీరకీ వంక పెట్టిన మనిషివి నువ్వు.

మీ అన్నయ్యా ఇంతే. ఏదైనా దాస్తే ముందు నా మోకాలి గురించి అడిగేవారు. ఆయనకి తన జబ్బు గురించి ముందే తెలిసి నా దగ్గర నెలరోజులు దాచినప్పుడు, రోజూ మోకాలికి తైలం రాస్తానని వెంటపడ్డారు. అందుకే ఎవరైనా నా మోకాలి గురించి అడిగితే నాకు గుండె జారుతుంది.

నీళ్ళు నమలకు. చిన్న చిక్కు అంటే ఏమిటి?

వదిన

*

సంస్థ క్వార్టర్లు
సెప్టెంబరు

వదినా,

చెబుతాను. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. మింగలేక కక్కలేక ఉన్నాను, ఇప్పుడు కక్కుతున్నాను.

అన్నయ్య పరీక్ష ఎలా ఉంటుందంటే, ఒక్క ఊరినే పట్టుకుని చూస్తే ఏమీ తేలదు. జీతం, అద్దె నిజంగా కలిసి నడుస్తున్నాయా, లేక రెండూ ఊరికే ఒకే వైపు కొట్టుకుపోతున్నాయా అన్నది ఒక ఊరి అంకెలు చెప్పలేవు. అందుకని ఇరవై నాలుగు ఊళ్ళనీ కలిపి అడుగుతాం. ఒక సాక్షి మాట నమ్మకపోయినా, ఇరవై నలుగురు అదే మాట చెబితే నమ్ముతాం కదా. అయితే ఆ ఇరవై నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వచ్చి చెప్పాలి. అన్నయ్య లెక్కంతా ఆ ఒక్క నమ్మకం మీద నిలబడింది.

కానీ ఊళ్ళు మాట్లాడుకుంటాయి వదినా. బ్యాంకులు వడ్డీ పెంచితే అన్ని ఊళ్ళలోనూ అద్దెలు ఒక్కసారే కదులుతాయి. పెట్రోలు ధర పెరిగితే అన్ని ఊళ్ళలోనూ జీతాలు పెంచమని అడుగుతారు. పైనుంచి ఒక్క చెయ్యి తోస్తే ఇరవై నాలుగూ ఊగుతాయి. అప్పుడవి ఇరవై నాలుగు సాక్ష్యాలు కావు. ఒక్క మనిషే ఇరవై నాలుగు గొంతులతో మాట్లాడుతున్నట్టు.

అది నిజంగా ఎంత తేడా చేస్తుందో చూడాలి. దానికి జీతానికీ అద్దెకీ ఏ సంబంధమూ లేని ఒక ఉత్తుత్తి లోకాన్ని తయారుచేస్తాను. సంవత్సరాలను పేకముక్కల్లా కలిపి మళ్ళీ పంచుతాను. అలాంటి లోకాలు వేలకొద్దీ. సంబంధం గట్టిదని చెప్పే అంకె వాటిలో కూడా అన్నయ్యకి వచ్చినంత పెద్దగా ఎంత తరచుగా వస్తుందో లెక్కపెడతాను. తరచుగా వస్తే ఆ అంకెని నమ్మలేం. మొదటిసారి ఏ ఊరి ముక్కలు ఆ ఊరికే విడిగా కలిపాను. అన్నయ్య గెలిచాడు, ఎగిరి గంతేశాను. తర్వాత అర్థమైంది, అలా విడదీస్తే ఊళ్ళ మధ్య లంకె నేనే తెంపేసినట్టు. ఏ లంకెని పరీక్షించాలో దాన్నే ముందు కోసేశాను. రెండోసారి సరిగ్గా చేశాను. ఒక ఏడాది ముక్క మీద అన్ని ఊళ్ళనీ కలిపే ఉంచాను. ఈసారి సంబంధమే లేని లోకంలో కూడా అన్నయ్య అంకె నూటికి ముప్పైసార్లు ఉత్తినే వచ్చేస్తోంది.

జీతానికీ అద్దెకీ సంబంధం లేదని దీని అర్థం కాదు. ఉందని ఈ సాక్ష్యంతో చెప్పలేం. అంతే. కానీ అన్నయ్య పుస్తకం ఉందనే చెప్పింది. ఊళ్ళు దాన్ని నమ్మి పరిమితులు ఎత్తేశాయి. జీతం వచ్చి అందుకుంటుందని ఎదురుచూస్తూ ఇళ్ళు ఖాళీ చేసిన వాళ్ళు ఉంటారు.

అన్నయ్య రాసిన రోజుల్లో ఇక్కడ అందరూ అలాగే చేసేవాళ్ళు. ఈ పద్ధతి ఎవరికీ అలవాటు లేదు. ఉండి ఉంటే నా కన్నా ముందు తనే చేసేవాడు. ఇది నిన్ను ఓదార్చడానికి అనడం లేదు.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇది బయటపెడితే పుస్తకం ఆగుతుంది, హాలు ఏమవుతుందో తెలియదు. నువ్వు వద్దంటే ఆపేస్తాను వదినా. పాత పద్ధతిలోనే అధ్యాయం రాసిచ్చేస్తాను, ఎవరూ అడగరు. నాకు అన్నయ్య ఎలాగూ లేడు. నువ్వు కూడా లేకుండా పోతే నేను తట్టుకోలేను.

ఏం చేయమంటావో చెప్పు.

నీ మరదలు

*

ఇల్లు
సెప్టెంబరు

చిరంజీవి మరదలికి,

ఉత్తరం అందింది. అర్థమయ్యేలాగే రాశావు. మీ అన్నయ్యా అర్థమయ్యేలాగే రాసేవారు.

ఆయన లేరు. ఎవరైనా తప్పని చూపిస్తే లేచి సమాధానం చెప్పుకోలేరు. చూపించేది బయటివాళ్ళయితే నేను నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఎత్తుకుని తిప్పిన చెల్లెలు చూపిస్తోంది. ఏమని తిట్టుకోను?

అదీ కాక నన్ను అడుగుతున్నావు. ఆపమంటే నీ చేత అబద్ధం రాయించినదాన్ని అవుతాను. ఆపొద్దంటే ఆయన పేరు నా చేత్తోనే చెరిపినదాన్ని అవుతాను. నువ్వు మాత్రం రెండు విధాలా వదిన మాట విన్నదానివి అవుతావు. బాగుంది.

నీ పని నువ్వు చేసుకో. నా సంతకం అడగకు. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు.

వదిన

*

సంస్థ క్వార్టర్లు
అక్టోబరు

వదినా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చదవకుండా పక్కన పడేసినా సరే.

నువ్వు అన్నది నిజం. నిన్ను అడగకూడదు. బరువు మోయలేక నీ నెత్తిన పెట్టి, దానికి గౌరవమని పేరు పెట్టాను. అడిగినందుకు క్షమించు. కనిపెట్టినందుకు మాత్రం క్షమించమని అడగను.

పెద్దాయనకి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. "కూర్చున్న కొమ్మ నరుక్కుంటున్నావమ్మా" అన్నారు. కొమ్మ ముందే పుచ్చిపోయి ఉందండీ అన్నాను. చాలాసేపు లెక్కలు చూశారు. వెతికి వెతికి రెండు ప్రశ్నలు అడిగారు. సమాధానం చెప్పాను. ఆఖరికి, "అచ్చు ఆపేస్తాను. డిసెంబరు సభ ఆపను. పుస్తకం విడుదల బదులు నువ్వే నిలబడి ఇది చెప్పు. హాలు పేరు సంగతి ఇప్పుడు ఎవరూ మాట్లాడొద్దు" అన్నారు. నీ బోర్డు పోయింది వదినా. పోగొట్టింది నేనే.

ఇంకో మాట ఉంది. మా లెక్కల్లో రెండు అంకెలకి నిజంగా సంబంధం ఉందని తేలితే అక్కడితో అయిపోదు. మధ్యలో దూరం పెరిగినప్పుడు ఎవరు జరిగి దగ్గరికి వస్తున్నారు అని కూడా అడుగుతాం. ఇద్దరూ చెరో అడుగు వేయొచ్చు, ఎప్పుడూ ఒకళ్ళే వేయొచ్చు. నువ్వు బజారులో అన్నయ్యని అడిగిన ప్రశ్నే.

మన తగువులన్నీ గుర్తుచేసుకున్నాను. నీ వంట బాగాలేదని చుట్టాల ముందు అన్నప్పుడు నువ్వే వచ్చి మాట కలిపావు. నీకు ఇష్టమని తెలిసీ ఆ నీలం దుప్పటి నేను పట్టుకుపోతే, దానికి జత తలగడ గుడ్డలు కూడా పంపావు. ఆస్పత్రిలో, నాకు ముందే ఎందుకు చెప్పలేదని అందరూ వినేలా నీ మీద అరిచాను. నీ భర్త లోపల ఉన్నాడు, నువ్వు ఫ్లాస్కు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుని, "తాగవే, పొద్దున్నించి ఏమీ తినలేదు" అన్నావు. ఎంత వెతికినా నేను ముందు వచ్చిన తగువు ఒక్కటీ కనపడలేదు. సిగ్గేసింది.

ఇన్నాళ్ళూ అన్నయ్య మధ్యలో ఉండి ఇద్దరినీ లాగుతున్నాడు కాబట్టే మనం కలిసి ఉన్నాం అనుకునేదాన్ని. అన్నయ్యని తీసేస్తే మనిద్దరి మధ్యా ఏమైనా మిగులుతుందా అన్న పరీక్ష చేయాలని నాకు లేదు. నేను చేయకుండానే జరిగిపోతోంది. భయంగా ఉంది.

ఈసారి జరిగేది నేను. జవాబు రాసినా రాయకపోయినా ప్రతి ఆదివారం రాస్తాను. చెవిలో జోరీగ అనుకో.

నీ మరదలు

*

సంస్థ క్వార్టర్లు
అక్టోబరు, ఆదివారం

వదినా,

ఇవాళ విశేషాలేమీ లేవు. కింది అంతస్తు వాళ్ళ కుళాయి కారుతోంది, నాకు పైకి వినిపిస్తోంది, వాళ్ళకి వినిపించడం లేదట. నేను వండిన కూర గిన్నెకి అతుక్కుపోయింది. గిన్నె నానబెట్టాను.

నీ మరదలు

*

సంస్థ క్వార్టర్లు
నవంబరు, ఆదివారం

వదినా,

గిన్నె పారేశాను.

నీ మరదలు

*

దుకాణం, వెనక గది
నవంబరు

ఏమే జోరీగా,

కూర మాడితే గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి మరిగించాలి. ఎన్నిసార్లు చెప్పాను. మంచి గిన్నె పారేసుకున్నావు.

నాకు జరిగింది ఒకటి చెబుతాను. ఏడాదికోసారి బస్సు డిపో వాళ్ళు డ్రైవర్లని చూపు పరీక్షకి మా దగ్గరికి పంపుతారు. ఈసారి వసారాకి రంగులు వేస్తున్నారని, కూర్చోవడానికి బెంచీ నా గదిలోనే వేయించాను. ఒకరి తర్వాత ఒకరు లేచి గోడ మీద అక్షరాల పటం చదివారు. అందరూ గడగడా ఆఖరి వరస దాకా చదివేశారు. డ్రైవర్లంటే ఇలా ఉండాలి అని మెచ్చుకుని, అందరికీ చూపు బాగుందని రాసిచ్చేశాను. వెళ్ళేటప్పుడు వాళ్ళలో పెద్ద వయసాయన "టైమెంతయిందమ్మా?" అని అడిగాడు. ఎదురుగా గోడ మీద గడియారం ఉంది. పటంలో ఆఖరి వరస చదివినాయనకి పళ్ళెమంత గడియారం కనపడకపోవడం ఏమిటి?

బెంచీ మీద కూర్చున్న వాళ్ళంతా మొదటివాడు పైకి చదివింది విన్నారు. కావాలని మోసం చేసింది ఎవరూ కాదు. వింటూ కూర్చుంటే నోటికి వచ్చేసింది, మసకగా ఉన్నచోట నోటికి వచ్చింది చెప్పేశారు. వాళ్ళకే తెలియదు. నేను మాత్రం ఇంతమంది సరిగ్గా చదివారని మురిసిపోయాను.

అందరినీ వెనక్కి పిలిపించాను. మా యజమాని ఒంటికాలి మీద లేచాడు, దుకాణం పరువు తీస్తున్నావన్నాడు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, పటం మార్చి చూశాను. ఎక్కువమందికి బాగానే ఉంది. కొందరికి అద్దాలు పడ్డాయి. ఆ పెద్దాయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషను చేస్తే పోతాయి, కానీ అప్పటిదాకా బస్సు ముట్టుకోకూడదు. ఆ మాట చెబితే ఆయన నన్నేమీ అనలేదు. "మొన్న మీరే బాగుందన్నారు కదమ్మా" అని మాత్రం అన్నాడు. చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను.

ఆ సాయంత్రం నీ సెప్టెంబరు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. మొదటిసారి కోపంతో చదివాను, అక్షరాలు కనిపించాయి, అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. మీ అన్నయ్య అబద్ధం ఏమీ చెప్పలేదు. బెంచీ అదే గదిలో వేశారు, అంతే. నేనూ అదే చేశాను. నా తప్పు నాకు తెలిసే వేళకి నేను బతికి ఉన్నాను కాబట్టి వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆయనకి ఆ వీలు లేకపోయింది. ఆయన బదులు ఎవరో ఒకరు వెళ్ళి పిలుచుకురావాలి కదా. నువ్వు వెళ్ళావు.

కాబట్టి ధైర్యంగా చెప్పు. నేను అనుమతి ఇస్తున్నానని కాదు, నీకు అనుమతి ఇవ్వడానికి నేనెవరిని. అది నీ పని, నువ్వు సరిగ్గా చేశావు.

నా కోపం సంగతి కూడా చెప్పేస్తాను. లెక్క మీద కాదు. ఆయన పోయాక ఈ ఊళ్ళో నన్ను అందరూ ఆయన భార్యగానే పలకరిస్తారు, ఆయన గురించే మాట్లాడతారు, మాటలైపోగానే వెళ్ళిపోతారు. నువ్వూ అంతేనేమో అనుకున్నాను. ఆ పుస్తకం, ఆ హాలు ఉంటే ఏడాదికోసారైనా నీకు నాతో పని ఉంటుంది. అవి పోతే నువ్వు నాకు ఏమవుతావు? ఆడపడుచువి అనడానికి మధ్యలో ఆయన ఉండాలి కదా. ఇది చెప్పుకోలేక ఉత్తరంలో నీ మీద విరుచుకుపడ్డాను. నువ్వు ప్రతి ఆదివారం కుళాయి గురించీ గిన్నె గురించీ రాస్తుంటే, ఆయన పేరు లేని ఉత్తరాలు కూడా ఇంత బాగుంటాయా అనిపించింది. అవి చదివి దుకాణంలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సభకి మాత్రం నేను రాను. బోర్డూ లేదు, పుస్తకమూ లేదు, నాకక్కడేం పని. చీర కూడా కొనలేదు. నువ్వు బాగా మాట్లాడు. తల వంచుకుని కాగితంలోకి చూస్తూ గొణగకు.

వదిన

*

సంస్థ క్వార్టర్లు
డిసెంబరు

వదినా,

నిన్ను బస్సెక్కించి ఇప్పుడే గదికి వచ్చాను. రెండు రోజులు నా గదిలో ఉన్నావు, నా గిన్నెలన్నీ తోమి పెట్టావు, నా దుప్పట్లన్నిటికీ వంకలు పెట్టావు. నోరారా చెప్పాల్సింది మాత్రం నేను చెప్పలేకపోయాను. చెప్పబోతే ఏడుస్తానని భయం. మనం ఉత్తరాల్లోనే నయం అని నువ్వే అన్నావు కదా, అందుకని రాస్తున్నాను.

నువ్వు వస్తావని నాకు తెలియదు. ఆ రోజు మాట్లాడటానికి లేచేటప్పటికి ముందు వరసలో అన్నయ్యతో పనిచేసిన వాళ్ళంతా ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. ఊళ్ళ గురించి చెప్పాను, వడ్డీ గురించి చెప్పాను, పేకముక్కల గురించి చెప్పాను. ఆ పైనుంచి తోసే చేతిని లెక్కలోంచి తీసేశాక చిన్న ఊళ్ళు కొన్నిటిలో జీతం, అద్దె నిజంగానే కలిసి నడుస్తున్నాయని, మిగతా వాటిలో తేలడం లేదని, అన్నయ్య వేసిన ప్రశ్న ఇప్పటికీ బతికే ఉందని చెప్పాను. గొణగలేదు. గొణిగానా?

తర్వాత అన్నయ్య పాత స్నేహితుడు ఒకాయన లేచాడు. "అంటే మీ అన్నయ్య తప్పు చేశాడనేనా నీ ఉద్దేశం? ఇంట్లోవాళ్ళు ఈ మాట అంటే వినడానికి ఎలా ఉంటుందో ఆలోచించావా?" అన్నాడు. అది లెక్కకి సంబంధించిన ప్రశ్న కాదు. దానికి నేను సిద్ధపడలేదు. హాలంతా నా వైపు చూస్తోంది.

అప్పుడే పెద్దాయన నిన్ను చూశారు. ప్రశ్నల కోసం మైకు పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్న ఆయన ఆఖరి వరస దగ్గర ఆగిపోయి, "మీరు ఆయన శ్రీమతి కదండీ" అన్నారు. అందరూ వెనక్కి తిరిగారు. నేనూ చూశాను. పాత చీరలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, బస్సు దిగి సరాసరి వచ్చినట్టున్నావు. ఇంట్లోవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ హాల్లో చెప్పగలిగింది నువ్వొక్కదానివే. పెద్దాయన మైకు నీకే ఇచ్చారు.

నువ్వు లేచి నిలబడి ఆ మైకు అందుకుని, దాన్ని ఎంత దూరంగా పట్టుకోవాలో తెలియక ఒకసారి చూసుకుని, అన్నావు.

"నేను ఆ అమ్మాయి వదినని. తను చెప్పింది నాకు అర్థమైంది. ఇంకెవరైనా లెక్క గురించి అడిగేది ఉంటే అడగండి, తను నిలబడి చాలాసేపయింది."

మైకు తిరిగి ఇచ్చేసి కూర్చున్నావు. ఆ స్నేహితుడూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఎవరు ఏం అడిగారో, నేను ఏం చెప్పానో నాకు గుర్తులేదు వదినా. అన్నిటికీ సరిగ్గానే జవాబిచ్చానని పెద్దాయన అన్నారు.

నీ మరదలు